వానకాలమునకు ముందు తేనెటీగల పెట్టెలను సిద్ధపఱచుట

పట్టాదారులకును, తోటలు గల రైతులకును తెలియజేయునది.

తేనెటీగల పెట్టెలు పెంచు రైతులు వేసవి తుదిని, అనగా కృత్తిక, రోహిణి కార్తెలలో చేయవలసిన పనులు ఈ కరపత్రమున వివరింపబడినవి. ఈ పనులు కష్టమైనవి కావు. ఖర్చును స్వల్పమే. ఐనను వీనిని చేయక విడిచిన రైతు ఆషాఢమున పెట్టె మూత తీసి చూచునప్పటికి ఈగలు లేని వట్టి పట్టులు మాత్రమే కనుపించుట తఱచుగా జరుగుచున్నది. “ఈగలు వాని యిష్టము వచ్చినట్లు లేచిపోయినవి, మనమేమి చేయగలము” అని పలువురు సమాధానపడుదురు. అది సరియైన మాట కాదు. ఈగలు లేచిపోవుటకు పెక్కు పర్యాయములు పెంచువాని యాశయే కారణము. ఆ సంగతి దిగువ తెలియగలదు.

గచ్చిబౌలి, నానక్‌రాంగూడ, గోపన్‌పల్లి ప్రాంతముల పొలములు చాలవఱకు మేడలక్రిందికి పోయినవి. 1998వ సంవత్సరమున మాదాపూరున సైబర్ టవర్స్ అను భవనము తెఱువబడిన తరువాత ఈ మార్పు మిక్కిలి వేగముగా జరిగినది. ఐనను మిగిలిన తోటలయందును, పడమట శంకర్‌పల్లి, మొయినాబాదు, చేవెళ్ల వైపు సాగులో నున్న భూములయందును పెట్టెలు పెంచుటకు అనుకూలము గలదు. ఈ కరపత్రము అట్టి రైతులకొఱకు వ్రాయబడినది.

1. మన ఈగలకు చలికాలము ఏది?

తేనెటీగల పెంపకమునుగూర్చిన పుస్తకములు పెక్కు శీతల దేశములలో వ్రాయబడినవి. అందు వేసవి తుదిని, అనగా ఆగస్టు, సెప్టెంబరు నెలలయందు, పెట్టెలను చలికాలమునకు సిద్ధపఱచుమని యుండును. ఐరోపా, ఉత్తర అమెరికా ఖండములలో మంచు కురియు నెలలలో పూవన్నది లేదు. ఆ కాలమున ఈగలు నిద్రింపవు. బంతివలె గుమిగూడి, రెక్కల కండరములను వణకించి వేడి పుట్టించుకొనుచు, కూడబెట్టిన తేనెను తిని బ్రతుకును. మిక్కిలి చల్లని ప్రదేశములలో ఒక్కొక్క కుటుంబమునకు 27 మొదలు 40 కిలోల తేనె విడువవలయునని అచ్చటివారి లెక్క.

మన ప్రాంతమున సంగతి వేఱు. మన చలికాలము ఈగలకు పండుగ కాలము. కంది, ధనియాలు, ఆవాలు, కుసుమ, రబీ పొద్దుతిరుగుడు ఆ నెలలలో పూయును. పిదప మామిడి, నేరేడు, ఆపై వేప, కానుగ, తుదకు చింత పూయును. చింతపూవు రాలుటతో ఈ వరుస ముగియును. మృగశిరలో వానలు ప్రారంభమగును. హైదరాబాదున సంవత్సరమునకు సుమారు 800 మిల్లీమీటర్ల వాన కురియుచుండగా, అందు సుమారు మూడు పాళ్లు జూను మొదలు సెప్టెంబరు వఱకు గల నాలుగు నెలలలోనే పడును. చెట్ల పూత ముగిసియుండును. క్రొత్త పైరు ఇంకను మొలకలయందుండును. ఉన్న కొద్ది పూవులలోని మకరందమును వాన కడిగివేయును. ముసురు పట్టిన దినములలో ఈగ గూడు విడిచి ఎగురజాలదు.

కావున ఆషాఢ, శ్రావణములే మన ఈగలకు కఱవు నెలలు. శీతల దేశములవారు మంచు కొఱకు చేయు సిద్ధపాటును మనము వానకొఱకు చేయవలయును. వారు ఆగస్టులో చేయు పనిని మనము మే నెలలో చేయవలయును. పుస్తకమునందలి నెల పేరును చూచి ఆగస్టు వఱకు వేచియుండువానికి అప్పటికి పెట్టెలో ఈగలే మిగులవు.

2. పెట్టెలో పెంచదగిన ఈగ

మన ప్రాంతమున పెద్ద తేనెటీగ, పుట్ట తేనెటీగ, చిన్న తేనెటీగ అను మూడు విధముల ఈగలు సాధారణముగా కనుపించును. పెద్ద ఈగ గచ్చిబౌలి బండరాళ్ల అంచులకును, ఎత్తైన చెట్లకును, ఇప్పుడు మేడల పైఅంతస్తులకును ఒక్క పెద్ద పట్టు పెట్టును. అది పూవు లేని కాలమున మఱియొక చోటికి వలసపోయి, పూవులు వచ్చినపుడు తిరిగి వచ్చును. దానిని పెట్టెలో పెంచ వీలులేదు. చిన్న ఈగ పొదలలో సన్నని కొమ్మకు ఒకే చిన్న పట్టు పెట్టును. దానిని పెంచుటయు లాభకరము కాదు.

పుట్టలలో, చెట్ల తొఱ్ఱలలో, చీకటి తావుల నుండు పుట్ట తేనెటీగ పెక్కు పట్టులను ప్రక్కప్రక్కగా పెట్టును. ఇదియే మన పెట్టె ఈగ. 1851వ సంవత్సరమున అమెరికా దేశమున లాంగ్‌స్ట్రాత్ అను మతబోధకుడు పట్టుల నడుమ ఈగలు విడుచుకొను సందు ఎంతయో కనుగొని, ఆ కొలతతో చట్రములు తీసి పెట్టదగిన పెట్టెను నిర్మించెను. మన చిన్నపాటి ఈగకు తగిన పెట్టెను తిరుచిరాపల్లిలో న్యూటన్ అను క్రైస్తవ గురువు 20వ శతాబ్దపు రెండవ దశకమున రూపొందించి పలువురకు నేర్పెను. దక్షిణ దేశమున ఇప్పటికిని న్యూటన్ పెట్టె యనునది అదియే. అందు క్రింద పిల్లల గది, పైన తేనె గది యుండును. చట్రముల నడుమ సందు 7 మొదలు 9 మిల్లీమీటర్లుండవలయును.

ఇటలీ ఈగ మన దేశమున 1962వ సంవత్సరము మొదలుగా నగరోటా బగ్వాఁ అను చోట స్థిరపడి, పిదప ఇతర రాష్ట్రములకు వ్యాపించినది. అది అధికముగా తేనె నిచ్చును గాని, పెట్టెలను పూవులున్న పొలములకు మోసికొని పోవుచుండవలయును. రెండు మూడు పెట్టెలతో ప్రారంభించు రైతునకు పుట్ట ఈగయే తగినది. ఐతే దానికొక గుణమున్నది. తిండి లేనిచో, బాధ కలిగినచో అది గూటినే విడిచి పోవును. ఇటలీ ఈగకంటె ఈ స్వభావము దానికి చాల యధికము. కావుననే వేసవి తుది పనులు పుట్ట ఈగ పెంచువానికి ముఖ్యములు.

3. తేనె తీయుటలో మితము

తుదిసారి తేనెను కృత్తిక కార్తెలోనే తీయవలయును. తేనె గదియందలి పట్టులలో మైనపు మూతలు వేసిన గదులు ముప్పాతిక భాగమునకు మించియున్నచో వానినే యంత్రమున తిప్పి తేనె తీయవలయును. మూత వేయని తేనెలో నీరు హెచ్చుగా నుండుటచే అది పులియును. పిల్లల గదిలోని తేనెను ఎన్నడును ముట్టరాదు. కృత్తిక తరువాత చింతపూవు వలన చేరు తేనె యంతయు ఈగల సొత్తు. దానిపై మనకు హక్కు లేదు.

ఈ కరపత్రము వ్రాయువాడు రెవిన్యూ శాఖలో తర్జుమా పని చేయువాడు. పెట్టెల పెంపకమున తాను చేసిన తప్పును దాచక తెలుపుచున్నాడు. గచ్చిబౌలి సమీపమున బంధువులొకరి జామతోటలో నాలుగు పెట్టెలుంచి మొదటి యేడు తేనె తీసితిని. కచ్చేరీలోని మిత్రులకు పంచవలయునను ఉత్సాహమున రోహిణి కార్తెలో తేనె గది పట్టులేగాక, పిల్లల గదిలో ప్రక్కపట్టులను కూడ ఖాళీ చేసితిని. మూడు పెట్టెలు ముగియునప్పటికి ప్రొద్దు గ్రుంకినది. నాలుగవ పెట్టెను మఱునాటికి విడిచితిని. మఱునాడు వేఱు పనిచే పోలేదు. మృగశిరలో మూడు దినములు విడువక ముసురు పట్టెను. ఆరుద్రలో పోయి చూడగా రెండు పెట్టెలలో ఒక్క ఈగయు లేదు. పట్టులలో తేనెబొట్టు లేదు, గ్రుడ్డు లేదు. మూడవదానిలో రాణియు, పిడికెడు ఈగలును మిగిలియుండి పదిదినములలో అవియు పోయినవి. నాలుగవ పెట్టె నిలిచి, దసరా నాటికి నిండుగా పెరిగెను. ఆ పెట్టెను నేను తెలివిచే విడువలేదు. చీకటి పడుటచే విడిచితిని. ఆ చీకటియే నాకు గురువైనది.

కఱవు సంవత్సరముల పాత అర్జీలు మా కచ్చేరీలో తర్జుమాకు వచ్చుచుండును. వానిలో రైతు తఱచుగా వ్రాసినది ఒక్కటే మాట: తినుటకు లేకున్నను సరి, విత్తనమునకైనను విడువుడు. విత్తనపు గింజలను జప్తు చేసిన పొలమునుండి మఱుసటి యేట పన్ను రాదని ప్రతి పట్టాదారు ఎఱుగును. పెట్టె ఎదుట మనము పన్ను వసూలు చేయువారము, ఈగలు రైతులు. పిల్లల గదిలోని తేనె వాని విత్తనము. దానిని మాఫీ చేయువాడే వచ్చు సంవత్సరమున తేనె తినును.

ఎంత విడువవలయునన్నచో, ప్రతి పిల్లల పట్టునకు పైఅంచున రెండు మూడు వ్రేళ్ల వెడల్పున మూత వేసిన తేనెయు, ఇరుప్రక్కల ఒక్కొక్క నిండు తేనె పట్టును ఉండవలయును. మూత తీయకయే తెలిసికొనుటకు, పెట్టె వెనుక భాగమును చేతితో కొంచెమెత్తి బరువు చూచుచుండుడు. నాలుగు వారములు వరుసగా చూచినచో చేయి తేడాను గుర్తించును. చిన్న త్రాసు కొక్కెము గలవారు తూకమును గోడపై వ్రాసికొనుట మంచిది.

4. పెట్టెను విప్పి చూచుట

రోహిణిలో ఒక దినమున ప్రతి పెట్టెను పూర్తిగా విప్పి చూడవలయును. ఉదయము ఎండ ముదురక మునుపే ఈ పని ముగింపవలయును. మధ్యాహ్నపు వేడికి పట్టులు మెత్తబడి చట్రమునుండి తెగిపడును. పొగ కొంచెమే పెట్టవలయును. చట్రమును ఎల్లప్పుడు నిలువుగా పట్టుకొనవలయును. అడ్డముగా త్రిప్పినచో క్రొత్త పట్టు విఱుగును.

చూడవలసినవి నాలుగు. మొదటిది, గదుల అడుగున గ్రుడ్లున్నవా? గ్రుడ్లు కనుపించినచో రాణి మూడు దినముల లోపల ఉండెననియే యర్థము; రాణిని వెదకి కలతపెట్టుట అనవసరము. రెండవది, పిల్లలున్న గదులు నడుమ ఖాళీలు లేక వరుసగా నున్నవా? చెదరుమదరుగా నున్నచో రాణి ముసలిదైనను కావచ్చును, రోగమైనను కావచ్చును. మూడవది, తేనెయు పుప్పొడియు ఎంత యున్నవి? పుప్పొడి లేనిదే పిల్లలు పెరుగవు. నాలుగవది, పట్టులలో సాలెగూటివంటి దారములుగాని, అడుగుపలకపై మైనపు పొడిగాని యున్నదా? ఉన్నచో మైనపు పురుగు ప్రవేశించినదని తెలిసికొనవలయును.

చూచినదానిని అప్పుడే ఒక పుస్తకమున వ్రాసియుంచవలయును. రెండు వారముల తరువాత మఱల చూచునపుడు పోల్చుటకు ఆ వ్రాతయే ఆధారము.

5. గూటిని కుదించుట

పెద్ద యింట నలుగురున్నచో ఆ యిల్లు ఊడ్చుటకు చాలదు. పెట్టెయు అంతే. ఈగలు కప్పజాలని పట్టులలో మైనపు పురుగు చేరును. కావున తేనె గదిని తీసివేసి, ఈగలు నిండుగా కప్పియున్న పట్టులను మాత్రము పిల్లల గదిలో ప్రక్కప్రక్కగా చేర్చవలయును. పిల్లలున్న పట్టులు నడుమను, తేనె పట్టులు అంచులను ఉండవలయును. మిగిలిన ఖాళీకి అడ్డుపలక పెట్టవలయును. నల్లబడిన పాత పట్టులను తీసి మైనము కరగించుకొనవచ్చును. ఈ కాలమున కనుపించు పోతుటీగల గదులను, క్రొత్త రాణి గదులను తీసివేయుట మంచిది. కఱవులో కుటుంబము చీలినచో రెండు ముక్కలును నిలువవు.

తీసిన మంచి పట్టులు వచ్చు కార్తికమున మిక్కిలి ఉపయోగపడును. ఈగలు మఱల ఆ మైనమును తయారుచేసికొను శ్రమ తప్పును. వానిని గట్టి మూత గల డబ్బాలో పెట్టి గంధకపు పొగ పట్టింపవలయును. గంధకపు పొగ పురుగును చంపును గాని గ్రుడ్లను చంపదు. కావున రెండు వారములకొకసారి మఱల పొగ వేయవలయును. ఇంట మంచుపెట్టె గలవారు పట్టులను రెండు దినములు గడ్డకట్టు అరలో నుంచినచో గ్రుడ్లును చచ్చును.

6. బలహీన కుటుంబములను కలుపుట

రెండు బలహీన కుటుంబములు వానకాలమును దాటవు; రెండును కలిసిన ఒకటి దాటును. పెట్టెల సంఖ్య తగ్గునను విచారముచే రైతులు ఈ పనికి వెనుకాడుదురు. ఆషాఢమున రెండును పోవుటకంటె జ్యేష్ఠమున ఒకటిని నిలుపుకొనుట మేలు.

కలుపవలసిన రెండు పెట్టెలను దినమునకు ఒకటి రెండడుగుల చొప్పున దగ్గఱకు జరుపుకొనుచు రావలయును. ఒక్కసారి దూరము జరిపినచో మేతకు పోయిన ఈగలు పాత చోటికే తిరిగివచ్చి నశించును. ప్రక్కప్రక్కకు వచ్చిన తరువాత రెండు రాణులలో నాసిరకమైనదానిని తీసివేసి, మఱునాటి సాయంకాలము మంచి రాణి గల గదిపై ఒక వార్తాపత్రిక కాగితమును పఱచి, సూదితో కొన్ని రంధ్రములు చేసి, రాణి లేని గదిని దానిపై నిలుపవలయును. రెండు మూడు దినములలో ఈగలు కాగితమును కొఱికివేసి, ఒకదాని వాసనకు మఱియొకటి అలవాటుపడి, పోరాడక కలిసిపోవును.

7. వాన, గాలి, చీమలనుండి కాపుదల

నైరృతి వాన మనకు పడమటి వైపునుండి వీచును. కావున పెట్టె ద్వారము తూర్పునకుండవలయును. పీట నేలకు అడుగునకు మించి ఎత్తున నుండవలయును. పీట ముందు భాగము వెనుకకంటె అర అంగుళము పల్లముగా నున్నచో లోపల చేరిన నీరు ద్వారముగుండ జారిపోవును. పైకప్పు రేకు లేక తాటియాకు వెలుపలికి పొడుచుకొని యుండవలయును. తొలకరి గాలికి మూత ఎగిరిపోకుండ పైని ఒక రాయి పెట్టి త్రాటితో కట్టవలయును. ద్వారమును రెండు మూడు ఈగలు పట్టునంతకు తగ్గింపవలయును. ఐతే పెట్టెలో గాలి ఆడకున్నచో ఉబ్బ చేరి బూజు పట్టును. మూతయందలి గాలిసందును మూయరాదు.

పీట నాలుగు కాళ్లను నీరు పోసిన గిన్నెలలో నుంచవలయును. చీమలకు ఇంతకంటె మంచి మందు లేదు. నీరు ఆరిపోకుండ చూడవలయును. పెట్టె చుట్టు గడ్డి కోసివేయవలయును. ఒక గడ్డిపరక పెట్టెకు తగిలినచో చీమలకు అదియే వంతెన. వేసవిలో నీడకొఱకు చెట్టు క్రింద నుంచిన పెట్టెను వానకాలమున ఉదయపు ఎండ తగులు చోటికి కొంచెము కొంచెముగా జరుపవలయును. వాన ప్రారంభమగువఱకు సమీపమున ఒక మూకుడులో నీరు పోసి, ఈగలు నిలుచుటకు గులకరాళ్లు వేసి యుంచవలయును.

8. చక్కెర పాకము

ఇంతగా విడిచినను ముసురు హెచ్చైన సంవత్సరమున తిండి చాలకపోవచ్చును. అపుడు ఒక్కొక్క పుట్ట ఈగ కుటుంబమునకు వారమునకు 200 గ్రాముల తెల్ల చక్కెరను అంతే నీటిలో కరగించి ఈయవలయును. నీటిని కాచి దింపిన పిదప చక్కెర కలిపి పూర్తిగా చల్లార్పవలయును. బెల్లపు పాకము ఈయరాదు. దానిచే ఈగలకు విరేచనములు పట్టును. అంగడి తేనెయు ఈయరాదు. దానిగుండ రోగము రావచ్చును. పాకమును చిన్న సీసాలో పోసి, మూతికి గుడ్డ కట్టి, చట్రములపై బోర్లించవచ్చును. గిన్నెలో పెట్టినచో ఈగలు మునిగిపోకుండ గడ్డిపుల్లలు వేయవలయును.

మూడు నియమములు తప్పరాదు. పాకమును సాయంకాలమే పెట్టవలయును. అన్ని పెట్టెలకు ఒకే నాడు పెట్టవలయును; ఒకదానికి పెట్టి మఱియొకదానికి పెట్టకున్నచో ఆకలిగొన్న ఈగలు ప్రక్కపెట్టెను దోచును. బొట్టైనను వెలుపల ఒలుకరాదు. తేనె గది పైన నున్నపుడు పాకము పెట్టినచో ఈగలు దానినే మోసి తేనె గదిలో దాచును. దానిని తేనెయని అమ్ముట మోసము.

9. శత్రువులును రోగములును

పెద్ద కందిరీగలు వానకాలపు తుదిని పెట్టె ద్వారమున కాచియుండి ఈగలను పట్టుకొనిపోవును. ద్వారము చిన్నదై యున్నచో కావలి ఈగలు ఎదిరింపగలవు. కందిరీగ గూడు సమీపముననున్నచో దానిని తెలిసినవారిచే తీయించవలయును. పచ్చని పసిరిక పిట్టలు తీగలపై కూర్చుండి ఎగురు ఈగలను తినును. వానిని తోలుటయే గాని చంపరాదు.

థాయి సాక్‌బ్రూడ్ అను రోగమును ప్రతి రైతు గుర్తింపవలయును. 1991, 1992 సంవత్సరములలో ఇది దక్షిణ దేశమున వ్యాపించి కేరళ, తమిళనాడు, కర్ణాటకములలో పుట్ట ఈగ కుటుంబములను పదింట తొమ్మిదింటికి మించి నాశనము చేసెను. రోగము తగిలిన పిల్ల పురుగు గదిలో నీరు నిండిన తిత్తివలె మాఱి, తల పైకెత్తి పడవవలె ఆరిపోవును. దీనికి మందు లేదు. రోగము గల పెట్టెనుండి పట్టును, తేనెను, ఈగలను మఱియొక పెట్టెకు మార్చరాదు. రాణిని కొన్నిదినములు పంజరమున నుంచి గ్రుడ్లు ఆపించినచో, పిల్లలు లేని కాలమున రోగము తగ్గుటకు అవకాశము కలదు. బలమైన, తిండి గల కుటుంబము ఎదుర్కొని నిలుచుట తఱచు. ఆకలిగొన్నది మొదట పడిపోవును.

ఇటలీ ఈగ పెంచువారు వరోవా అను ఎఱ్ఱని పేనువంటి పురుగును ఈ కాలముననే పరిశీలింపవలయును. ఇది మొదట పుట్ట ఈగపై నుండినది. పుట్ట ఈగ తన కాళ్లతో దులుపుకొని కొంత తట్టుకొనును, ఇటలీ ఈగకు ఆ నేర్పు తక్కువ. తేనె తీసిన తరువాతనే మందు వాడవలయును.

10. లేచిపోవుటకు ముందు సూచనలు

ఈగలు ఒక్క దినమున నిర్ణయించి పోవు. రాణి గ్రుడ్లు పెట్టుట తగ్గించును. ఉన్న పిల్లలు పెరిగి వెలువడువఱకు కుటుంబము వేచియుండును. తేనె నిలువ తఱుగును. పుప్పొడి మోసికొని వచ్చు ఈగలు కనుపించవు. ఈ సూచనలు కనుపించిన దినముననే పాకము పెట్టి, మఱియొక పెట్టెనుండి రోగము లేని పిల్లల పట్టును ఒకదానిని తెచ్చి పెట్టవలయును. పిల్లలున్న గూటిని ఈగలు సులభముగా విడువవు. ద్వారమున రాణి దాటలేని తెర పెట్టుట కొందఱి వాడుక. అది కొన్నిదినములు ఆపును గాని, ఆకలి తీర్పనిచో ఈగలు తెర వెనుకనే చచ్చును.

11. వానకాలపు పూవులు

ఈగకు మేత సమకూర్చుటయు పెంపకమే. గట్టులపై తనంత పెరుగు గడ్డిచామంతి వానకాలమంతయు పూయును. దానిని కలుపని పెఱికివేయక గట్టున విడువుడు. మొక్కజొన్న, జొన్న పుప్పొడి నిచ్చును. ఆముదము, నువ్వులు, దోస, బీర, గుమ్మడి పూవులు శ్రావణ భాద్రపదములలో ఆదుకొనును. మునగ పలుమార్లు పూయును. మృగశిరలో కానుగ, నేరేడు, కుంకుడు, రేగు మొక్కలను గట్టున నాటినవాడు తన మనుమల పెట్టెలకు మేత నాటినవాడగును.

గచ్చిబౌలిలో 1974వ సంవత్సరమున స్థాపితమైన హైదరాబాదు విశ్వవిద్యాలయపు ఆవరణయు, దాని సమీపపు కంచెయు ఈ మేతకు పట్టుకొమ్మలు. కంచె గచ్చిబౌలి యందలి 400 ఎకరములలో చెట్లు కొట్టుటను సుప్రీం కోర్టు 2025వ సంవత్సరము ఏప్రిల్ 3వ తేదిని నిలుపుదల చేసిన సంగతి ఎల్లరు ఎఱిగినదే. ఆ వివాదము ఎట్లున్నను, ఒక్క విషయము పెట్టెలు గల రైతు మఱువరాదు. పొద ఒకటి పోయినచో ఈగ కొంత దూరము అధికముగా ఎగురును. మేత దూరమైనకొలది పెట్టెలో చేరు తేనె తఱుగును.

పూతలోనున్న పైరునకు పురుగుమందు కొట్టరాదు. తప్పనిసరియైనచో ఈగలు గూటికి చేరిన పిదప సాయంకాలము కొట్టి, ముందు దినముననే ఇరుగుపొరుగున పెట్టెలు గలవారికి తెలుపవలయును. ఈగ మీ దోస తీగపై వ్రాలనిచో పిందె నిలువదు. పొరుగువాని ఈగను చంపినవాడు తన కాపును తానే చెఱచుకొనును.

12. కార్తెలవారీ పనుల పట్టిక

కృత్తిక, మే 11 మొదలు: తుది తేనె తీయుట. చింతపూవు తేనెను విడుచుట.

రోహిణి, మే 25 మొదలు: పెట్టె విప్పి చూచుట. గూటిని కుదించుట. బలహీనములను కలుపుట. పీట, కప్పు, నీటిగిన్నెలు సరిచేయుట.

మృగశిర, జూను 8 మొదలు: ద్వారము తగ్గించుట. మూత కట్టుట. గట్టున మొక్కలు నాటుట.

ఆరుద్ర మొదలు పుష్యమి వఱకు: వారమునకొకసారి బరువు చూచుట. తగ్గినచో పాకము. తెఱపి యిచ్చిన దినమున మాత్రమే మూత తీయుట.

ఆశ్లేష, మఖ: మైనపు పురుగు, రోగములను పరిశీలించుట. పాకము కొనసాగించుట.

పుబ్బ, ఉత్తర: కందిరీగలకు కాపుదల. పుప్పొడి రాక పెరిగినచో పాకము తగ్గించుట.

హస్త, సెప్టెంబరు 27 మొదలు: దాచిన మంచి పట్టులను ఒక్కొక్కటిగా తిరిగి ఇచ్చుట. కుటుంబము పెరిగిన తరువాతనే తేనె గది నిలుపుట.

ముగింపు

పై పనులన్నిటిని చేయుటకు తీరిక లేని రైతు ఒక్కదానినైనను చేయవలయును. రోహిణిలో తేనె తీయు కత్తి చేతబట్టినపుడు, పిల్లల గది వఱకు వచ్చి ఆగవలయును. అచ్చట మిగిలిన తేనె చూచుటకు కొద్దియే. దానిని అమ్మినచో వచ్చు సొమ్ము ఒక పండుగ ఖర్చునకు చాలదు. పెట్టెలో విడిచినచో నాలుగు నెలల వానను దాటించి, పుష్యమాసమున ధనియాల పొలముపై వేల రెక్కలతో తిరిగివచ్చును. పుట్ట ఈగ పెట్టె ఏటికి ఐదు మొదలు ఎనిమిది కిలోల తేనె నిచ్చుట సామాన్యము. ఆ రాబడి ప్రతి యేడు కావలయునా, ఒక్క యేడు చాలునా యనునది పట్టాదారు చేతిలోని పని.